నివాసం అని ఉంది, ఇల్లు అని లేదు

ఆయన పోయిన సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. బెంజ్ సర్కిల్ దగ్గర కంకిపాడు బస్సు కోసం నిలబడి ఉంటే, మా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన పెద్దాయన కనిపించి పలకరించాడు. మోకాళ్ళ నొప్పుల గురించి, కోడలి ఉద్యోగం గురించి చెప్పి, బస్సు వస్తుంటే అప్పుడు గుర్తొచ్చినట్టు, "మన సాయిబు గారు పోయారమ్మా, తెలుసుగా" అన్నాడు. తెలియదు. బస్సెక్కి కూర్చున్నాను. కంకిపాడులో దిగాల్సినదాన్ని ఉయ్యూరు దాకా వెళ్ళిపోయాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. కాగితం మీద తన పేరు పెద్దగా కనిపించడం ఆయనకి నచ్చేది కాదు. ఫైళ్ళలో సంతకం కూడా మూలగా, చీమ బారులాగా పెట్టేవారు. ఆఫీసులో మేం ఆర్.ఐ. గారు అనేవాళ్ళం. ఊళ్ళవాళ్ళు సాయిబు గారు అనేవాళ్ళు.

మా నాన్న సర్వీసులో ఉండగా పోతే, ఆ ఉద్యోగం కింద నన్ను తీసుకున్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో విజయవాడని ఆనుకుని ఉన్న ఒక మండల రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అక్కడ ఆయన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. ఫలానా మనిషి ఎక్కడ ఉంటున్నాడు, అతని సంపాదన ఎంత అని విచారించి రాయడం ఆయన పని. వినడానికి చిన్న పనే. కానీ ఆ రెండు ముక్కల మీదే తెల్ల రేషన్ కార్డు వస్తుంది. తెల్ల కార్డు ఉంటేనే పెద్దాసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. ఆయన రాసిన రెండు లైన్లు పట్టుకుని జనం తిన్నగా ఆసుపత్రికి పరిగెత్తడం నేను చాలాసార్లు చూశాను.

పొడుగు మనిషి. మెడ కొంచెం ముందుకి వంగి ఉండేది. ఎండాకాలంలో కూడా చొక్కా చేతులకి మణికట్టు దాకా గుండీలు పెట్టుకునేవారు. పాత మోపెడ్ మీద వెనక గొడుగు కట్టుకుని తిరిగేవారు. గ్రామ కార్యదర్శి రిపోర్టు రాసి పంపితే దాని కింద సంతకం పెట్టి పైకి పంపెయ్యవచ్చు. అందరూ చేసేది అదే. ఆయన మాత్రం వెళ్ళి చూడందే పెట్టేవారు కాదు. "కాలవ దాకా వెళ్ళొస్తానమ్మా" అని లేచేవారు. వచ్చేసరికి మూడయ్యేది. తెచ్చుకున్న టిఫిన్ క్యారేజీ అప్పుడు విప్పేవారు.

ఒకసారి నేను ఒక దరఖాస్తు మీద 'సొంత ఇల్లు లేదు, అద్దె చీటీ లేదు, కావున నివాసం నిర్ధారించలేము' అని నోట్ రాసి పెట్టాను. ఆయన జీవో కాపీ తెప్పించి, ఎవరికి ఇవ్వాలో చెప్పే వాక్యం కింద వేలు పెట్టి నాకు చూపించారు.

"ఏముందమ్మా ఇక్కడ?"

"నివాసం అండి."

"నివాసం అని ఉంది. ఇల్లు అని లేదు. రాసినవాడికి ఇల్లు అనే మాట తెలియక కాదుగా. మనం చదవడంలోనే ఇల్లు కట్టేస్తున్నాం."

ఆ మాట ఆయన చాలాసార్లు అనేవారు. చాలామంది నవ్వేవాళ్ళు. నేను కూడా నవ్విన రోజులున్నాయి.

ఆయనకి ఒక అలవాటుండేది. ఏ ఇంటికి విచారణకి వెళ్ళినా, కూర్చోమంటే కూర్చునేవారు కాదు. కాగితాలు అడిగేవారు కాదు. గుమ్మంలో నిలబడి, "కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అనేవారు. ప్రతి ఇంటి దగ్గరా అంతే. ఈయనకి షుగరేమో, ఊరికే దాహం వేస్తుంది అనుకున్నాను. రంజాన్ నెలలో ఒకరోజు ఆయనతో పాటు వెళ్ళాల్సి వచ్చింది. ఉపవాసంలో ఉన్న మనిషి గుమ్మంలో నిలబడి యథాప్రకారం నీళ్ళడిగారు. గ్లాసు అందుకుని, పక్కకి వచ్చి, వాటితో చేతులు కడుక్కుని గ్లాసు తిరిగి ఇచ్చేశారు. తిరిగి వస్తూ అడిగాను.

"తాగరుగా, మరి ఎందుకండీ అడగడం?"

"నీళ్ళ కోసం కాదమ్మా. ఆ ఇంట్లో ఉండే మనిషికి గ్లాసు ఎక్కడుందో వెతుక్కోవలసిన పని ఉండదు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి దాని మీదకి పోతుంది. లేని మనిషి చుట్టూ చూస్తుంది. కార్డులు, చీటీలు ఎవరైనా తెస్తారు. చెయ్యి అబద్ధం చెప్పలేదు."

ఆ తర్వాత నేను కూడా చేతులే చూడడం మొదలుపెట్టాను. ఒక పెద్ద రైతు, కంకిపాడులో మేడ ఉన్నవాడు, తన గుండె ఆపరేషన్ ప్రభుత్వం చేయిస్తుందని ఎవరో చెబితే, మా మండలంలో కోళ్ళ షెడ్డు పక్కన ఉన్న రేకుల గదిలో కాపురం ఉంటున్నానని దరఖాస్తు పెట్టాడు. మేం వెళ్ళేసరికి మంచం, కుక్కర్, గోడకి దేవుడి పటం, అన్నీ ఉన్నాయి. ఆర్.ఐ. గారు నీళ్ళడిగారు. ఆ ఇల్లాలు గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది. స్టీలు డబ్బాల మూతలు రెండు తీసింది. చివరికి, "కూల్ డ్రింకు తెప్పిస్తానండీ" అంది. ఆయన "వద్దులేమ్మా" అని నమస్కారం పెట్టి వచ్చేశారు. రిపోర్టులో ఒక్క మాట రాశారు: 'ఇక్కడ ఉండడం లేదు.' ఆ రైతు పలుకుబడి గలవాడు. ఎవరెవరి చేతో ఫోన్లు చేయించాడు. ఆ మాట మారలేదు.

ఆయన మొదటినుంచీ అలాంటి మనిషి కాదని తర్వాత తెలిసింది. ఒక వానాకాలం మధ్యాహ్నం, బందరు కాలవ వంతెన దగ్గర టీ కొట్టులో వాన తగ్గేదాకా ఆగిపోయాం. ఆయనంతట ఆయనే చెప్పారు.

తొంభైల మొదట్లో ఆయన కొల్లేటి పక్కన ఒక మండలంలో పనిచేశారు. అక్కడ చేపలు పట్టుకునే ఒక జంట ఉండేది. ఏడాదిలో సగం రోజులు కొల్లేటి గట్టున, మిగతా సగం సముద్రం వైపు, వలలు ఎటు పనికొస్తే అటు. ఆ మగమనిషికి గుండెలో కవాటం చెడిపోయింది. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో చేస్తారు, కానీ ఏ మండలం వాడో తేల్చి రాసిన కాగితం, తెల్ల కార్డు కావాలి. ఈయన వెళ్ళారు. గుడిసె చూశారు. ఆరు నెలలే ఉంటారని ఊళ్ళోవాళ్ళు చెబితే, 'ఈ మండలంలో స్థిర నివాసం లేదు' అని రాశారు. అక్కణ్ణుంచి వాళ్ళు సముద్రం వైపు మండలానికి పోతే, అక్కడి ఇన్‌స్పెక్టరు కూడా అదే రాశాడు.

"రెండు రిపోర్టులూ నిజమేనమ్మా" అన్నారు ఆర్.ఐ. గారు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "ఆయన రాసింది తప్పు కాదు, నేను రాసింది తప్పు కాదు. ఈ రెండింటి మధ్య మనిషి పోయాడు."

నేను నా గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"నెల తర్వాత ఆవిడ ఆఫీసుకొచ్చింది. మరణ ధ్రువపత్రం కోసం. ఏడవలేదు. నా బల్ల ముందు నిలబడి, 'బతికుండగా మా ఆయనకి ఊరు లేదని రాశారు గదా బాబుగారూ, మరిప్పుడు ఏ ఊళ్ళో సచ్చిపోయాడని రాత్తారు' అంది. వెటకారం కాదు. నిజంగా తెలీక అడిగింది."

"ఏం రాశారండీ?"

"పోయింది కొల్లేటి గట్టు మీద. ఆ ఊరే రాశాను. ఆర్నెల్లు బతికితే ఆ ఊరివాడు కాదన్నాను, ఒక్కరోజు చచ్చిపోతే ఆ ఊరివాణ్ణి చేశాను."

వాన తగ్గింది. ఆయన గొడుగు నాకిచ్చి, తాను మోపెడ్ తోసుకుంటూ వంతెన దాటారు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

తర్వాత కొన్నేళ్ళకి, చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు ప్రభుత్వం చేయించడం మొదలైన రోజుల్లో, మా దగ్గరికి ఒక ఫైలు వచ్చింది. బందరు కాలవ గట్టు మీద గుడిసెలో ఉండే మనిషి. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోముకుంటుంది. ఆమె తొమ్మిదేళ్ళ కూతురికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. ఆసుపత్రివాళ్ళు మూడు వారాల్లో రమ్మని తేదీ ఇచ్చారు. కాగితాలు లేకుండా వస్తే లాభం లేదని కూడా చెప్పారు. ఆమె రేషన్ కార్డు తెనాలి వైపు, మొగుడి పేరు మీద ఉంది. అతను ఇంకో మనిషితో వెళ్ళిపోతూ కార్డు కూడా పట్టుకుపోయాడు. తెనాలి వెళ్ళి అడిగితే, నువ్విక్కడ ఉండడం లేదుగా అన్నారు. మా కార్యదర్శి ఏం రాశాడంటే, 'అభ్యంతరకరమైన పోరంబోకులో ఆక్రమణదారు, నివాస ధ్రువీకరణకు అర్హురాలు కాదు.' కాలవ గట్టు ప్రభుత్వ స్థలం. అక్కడ ఉండడమే తప్పు కాబట్టి, ఉన్నట్టు రాయకూడదు. అది అప్పటి పద్ధతి.

ఒంటరి ఆడమనిషి ఇంటికి ఆయన ఒక్కరే వెళ్ళేవారు కాదు. నన్ను రమ్మన్నారు. పొద్దున పదింటికి వెళ్ళాం. తాటాకు గుడిసె, పైన నీలం పట్టా కప్పి ఉంది. బయట నులక మంచం మీద పిల్ల పడుకుని, పలక మీద గీతలు గీస్తోంది. మమ్మల్ని చూసి లేవబోయి, అంతలోనే ఆయాసపడి మళ్ళీ ఒరిగింది. దాని పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

ఆర్.ఐ. గారు నీళ్ళడిగారు. ఆమె మా మొహాల వైపే చూస్తూ, వెనక్కి చెయ్యి చాపి చెంబు అందుకుని, కుండలో ముంచి ఇచ్చింది. ఆయన తాగారు. నాకు అర్థమైంది.

ఆమెకి మాత్రం మేం వేరే పని మీద వచ్చామనిపించింది. లోపలికి పోయి రేకు పెట్టె తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితం ఒకటి తెచ్చింది.

"ఇదిగోండి బాబుగారూ, మీ కాయితం దాచే ఉంచాను. చించలేదు. పిల్లకి ఆపరేసన్ అయ్యేదాకా గడువియ్యండి. అయ్యాక మీరు పీకక్కర్లేదు, నేనే పీక్కుంటాను."

అది గట్టు ఖాళీ చెయ్యమని మా ఆఫీసు ఇచ్చిన నోటీసు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మొత్తం చదివారు. ఆమె పేరు, మొగుడి పేరు, ఏ వంతెన నుంచి ఎన్ని గజాల దూరంలో, గట్టుకి ఏ వైపున, అన్నీ ఉన్నాయి. చదివి నా చేతికిచ్చారు. అక్షరాలు నావే. ఎనిమిది నెలల కింద, ఒక మధ్యాహ్నం కూర్చుని, కార్బన్ కాగితాలు పెట్టి అరవై నోటీసులు రాశాను. సాయంత్రం స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళాలి, ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తూ రాశాను. అందులో ఒక్క పేరు కూడా నాకు గుర్తు లేదు.

"ఇది నీ దస్తూరీయే కదమ్మా?"

"అవునండీ."

"వీళ్ళిక్కడ ఉన్నారని నీకెవరు చెప్పారు?"

"కార్యదర్శి గారు గట్టంతా తిరిగి చూసి లిస్టు ఇచ్చారండీ."

"అంటే మనమే వచ్చాం, మనమే చూశాం, ఉన్నారని తేల్చుకునే రాశాం."

"అవునండీ."

ఆయన ఆమె వైపు తిరిగి, "ఈ కాగితం నాకు రెండు రోజులు ఇస్తావా అమ్మా? మళ్ళీ తెచ్చిస్తాను" అన్నారు. ఆమె ఒక్క క్షణం సందేహించి ఇచ్చింది. ఆయన దాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టుకున్నారు.

మా ఎమ్మార్వో గారు చెడ్డవాడేమీ కాదు. ఆర్.ఐ. గారికంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. భయస్తుడు. ఫైలు చూసి పక్కన పెట్టేశాడు.

"గట్టు మీద ఉన్నవాళ్ళకి నివాస పత్రం ఇస్తే రేపు అదే పట్టుకుని కోర్టుకి పోతారండీ. అప్పుడు పైవాళ్ళు నన్నడుగుతారు."

"నేను పట్టా ఇమ్మనడం లేదు సార్. హక్కుందని రాయడం లేదు. ఉంటోంది అని రాశాను."

"స్థిర నివాసం ఉండాలి కదండీ రూల్ ప్రకారం."

ఆర్.ఐ. గారు నోటీసు తీసి బల్ల మీద పెట్టారు. "ఖాళీ చెయ్యమని మనమే ఇచ్చామండి. లేని మనిషిని ఖాళీ చెయ్యమంటామా?"

ఎమ్మార్వో గారు నోటీసు చదివాడు. కింద ఉన్న తన సంతకం చూసుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, బయటికి పోవాలో ఉండాలో తెలియలేదు.

"మీకు ఇంకెంత సర్వీసుందండీ?"

"పద్నాలుగు నెలలండి."

"ఇది మెడకి చుట్టుకుంటే?"

"రిపోర్టు కింద సంతకం నాది. చుట్టుకుంటే నా మెడకే చుట్టుకుంటుంది."

ఎమ్మార్వో గారు పెన్ను తీశాడు. 'వైద్య సహాయం నిమిత్తం మాత్రమే' అని ఒక లైను చేర్చి సంతకం పెట్టాడు. ఆ లైను చేర్చినందుకు నేను లోపల ఆయన్ని తిట్టుకున్నాను. ఆర్.ఐ. గారు మాత్రం, "మంచి మాట రాశారు సార్" అన్నారు. నోటీసు కాపీ ఫైలుకి జతచేసి, అసలుది తీసుకెళ్ళి ఆమెకి తిరిగి ఇచ్చేశారు.

పిల్లకి ఆపరేషన్ అయింది. మూడు నెలల తర్వాత తల్లీ కూతుళ్ళు ఆఫీసుకొచ్చారు. మాది మేడ మీద ఆఫీసు. ఆ పిల్ల మెట్లన్నీ ఎక్కి, నా బల్ల ముందు నిలబడి, అలిసిపోయానా లేదా అని తనే పరీక్ష చేసుకుంటున్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆర్.ఐ. గారు ఊళ్ళ మీదకి వెళ్ళారు. చాలాసేపు చూసి వాళ్ళు వెళ్ళిపోయారు. సాయంత్రం ఆయన రాగానే చెప్పాను.

"పెదాలు ఏ రంగులో ఉన్నాయమ్మా?" అని అడిగారు.

"మామూలుగానే ఉన్నాయండీ. అందరికీ ఉన్నట్టే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఎంతసేపటికీ పెట్టుకోలేదు.

ఇక్కడితో ఆగితే బావుండేది. గట్టు మీద కబురు పాకింది. నోటీసు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కళ్ళు కనపడని ముసలమ్మ, కిడ్నీలో రాళ్ళున్న రిక్షా అతను, కాన్పు కష్టమవుతుందని చెప్పిన పిల్ల. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళారు, చూశారు, ఉన్నవాళ్ళకి ఉన్నారని రాశారు. ఇద్దరు అక్కడ ఉండడం లేదని తేలితే, ఉండడం లేదనీ రాశారు. ఎమ్మార్వో గారు ప్రతి దాని కిందా తన లైను చేర్చి సంతకం పెట్టాడు. చివరికి ఆయన భయపడ్డదే జరిగింది. ఎవరో ఒకాయన ఆ పత్రం చూపించి కోర్టులో స్టే తెచ్చుకున్నాడు. గట్టు ఖాళీ చేయించే పని ఆగింది. పైనుంచి ఒక అధికారి విచారణకి వచ్చాడు.

నన్ను కూడా పిలిచారు. ఫైలు పెట్టింది ఎవరని అడిగారు. నేనే అన్నాను. ఏ ఆధారంతో అని అడిగారు. ఆర్.ఐ. గారు పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. నాకు అప్పటికి పెళ్ళై ఏడాది. ప్రొబేషన్ సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు.

"ఆర్.ఐ. గారు రాయమంటే రాశానండీ" అన్నాను.

గట్టు మీదకి నేనూ వెళ్ళానని చెప్పలేదు. ఆ చెంబు ఆమె ఎలా అందుకుందో నా కళ్ళతో చూశానని చెప్పలేదు. ఆ నోటీసు నా చేత్తో రాసిందని కూడా చెప్పలేదు.

ఆయనకి మెమో వచ్చింది. సంజాయిషీ రెండు వాక్యాల్లో రాశారు. నేనే టైపు చేశాను: 'సదరు వ్యక్తులు ఆ స్థలంలో ఉన్నారని నోటీసుల ద్వారా ఈ కార్యాలయమే ముందు ధ్రువీకరించింది. నేను తర్వాత ధ్రువీకరించాను.' ఇంకేమైనా రాస్తారా అని అడిగాను. "ఇంకేముందమ్మా" అన్నారు.

మర్నాడు క్యారేజీ విప్పుతూ, నా మొహం చూడకుండానే, "విచారణలో సరిగ్గానే చెప్పావమ్మా. నేను రాయమంటేనే కదా నువ్వు రాశావు. అబద్ధం ఏం చెప్పలేదు" అన్నారు. ఆయన దెప్పలేదు. దెప్పడం ఆ మనిషికి తెలియదు. అందుకే అది నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న మండలానికి బదిలీ చేశారు. చివరి ఆరు నెలలూ రోజూ పొద్దున్నే బస్సెక్కి, చీకటి పడ్డాక ఇంటికొచ్చేవారట. అక్కడే రిటైరయ్యారు. వీడ్కోలు సభకి మా ఆఫీసు నుంచి నలుగురు వెళ్ళారు. నేను వెళ్ళలేదు. పిల్లాడికి జ్వరం అని చెప్పాను. జ్వరం నిజమే, కానీ వెళ్ళలేనంత కాదు. ఆ తర్వాత విజయవాడలోనే ఉంటూ, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన్ని చూడలేదు.

ఆయన పోయారని తెలిసిన తర్వాత వచ్చిన ఆదివారం వెళ్ళాను. వన్ టౌన్‌లో, కొండకి ఆనుకుని, మెట్లెక్కి పోవలసిన సందులో చిన్న డాబా ఇల్లు. ముందు ఒక గది, లోపల రెండు. మధ్య గుమ్మానికి దుప్పటి కట్టి ఉంది. ముందు గదిలో మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎండకి మాడిపోయిన ఒళ్ళు, మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. బంధువై ఉంటాడనుకుని నమస్కారం పెట్టాను. ఆయన నోటితో ఏమీ అనకుండా లోపలికి చెయ్యి చూపించాడు.

ఆర్.ఐ. గారి భార్య ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా, పరాయి మగవాళ్ళ ఎదటికి రాకుండా ఉంటారు. నన్ను చూడగానే, "నువ్వేనా ఆ అమ్మాయివి. నీ అక్షరాలు బావుంటాయని చెప్పేవారు" అన్నారు. ఆవిడే నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

చివరి రోజుల గురించి చెప్పారు. పెద్దగా బాధపడలేదు, మధ్యాహ్నం నమాజు చేసుకుని ఒరిగారు, అంతే. కాసేపయ్యాక, ముందు గదిలో ఉన్నది ఎవరండీ అని అడిగాను.

"ఏమని చెప్పను. మాకేమీ కాడు" అన్నారు.

అతను పడవ మనిషి. కృష్ణలో ఇసుక పడవల మీద పుట్టి, పడవల మీదే ముసలివాడయ్యాడు. భార్యాపిల్లలు లేరు. ఒడ్డున ఒక్క రోజైనా సొంత కప్పు కింద పడుకోలేదు. ఇసుక లారీల్లో పోవడం ఎక్కువయ్యాక పడవలు తగ్గిపోయాయి. అతనికి గొంతులో పుండు పడింది. ఆరోగ్య పథకం కొత్తగా వచ్చిన రోజులు. ఆర్.ఐ. గారు తన బీపీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళితే, సహాయ కేంద్రం కిటికీ దగ్గర ఇతను నిలబడి ఉన్నాడట. కార్డేదని లోపలివాళ్ళు అడిగారు, లేదన్నాడు. ఏ ఊరని అడిగారు, ఏటి మీద అన్నాడు. ఎక్కడుంటావంటే మళ్ళీ ఏటి మీదే అన్నాడు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారట.

"వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఈయన మనింట్లో ఉంటాడు అన్నారు. ఎన్నాళ్ళండీ అన్నాను. అతన్నే అడిగారు నా ఎదురుగానే. 'చూడు, నీ పేరు మా ఇంటి నంబరు మీద రాయించడం నాకు ఒక పూట పని. కానీ నువ్వు ఇక్కడ ఉండకపోతే అది అబద్ధం. ఉండిపోతానంటేనే రాయిస్తాను' అన్నారు. అతను చాలాసేపు ఆలోచించి తల ఊపాడు. ఆ ముందు గది మా అబ్బాయిది. వాడి పుస్తకాలన్నీ నా మంచం కిందకి చేరాయి."

ఆవిడకి మొదట్లో కోపం వచ్చిందట. పరాయి మగాడు, చుట్టలు తాగిన వాసన, పైగా జబ్బు మనిషి. నెల రోజులు భర్తతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత కార్డు వచ్చింది. కార్డు మీద వైద్యం జరిగింది. క్యాన్సరుకి పెట్టే కరెంటు పెట్టారు. పుండు మానింది, గొంతు మాత్రం పోయింది. ఇప్పటికీ మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

"రెండేళ్ళయింది" అన్నారు ఆవిడ. "ఈయన పోయిన రోజున సామాన్లు మూట కట్టుకున్నాడు. ఎక్కడికి పోతావని పరదా ఇవతల నుంచే అడిగాను. పరదా దగ్గరికొచ్చి, ఆ గాలి గొంతుతోనే, తీసుకొచ్చినాయన పోయాడు గదమ్మా అన్నాడు. తీసుకొచ్చినాయనకి మాటిచ్చావు కదా ఉంటానని, కూర్చో అన్నాను."

ఇద్దత్ అయ్యాక ఆవిడ నెల్లూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళాలి. ఇల్లు ఎవరికైనా అద్దెకిస్తారు. ఆ సంగతి చెబుతూ లేచి, గూట్లోంచి ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు.

"మా అబ్బాయి మాట్లాడి పెట్టాడు. వచ్చేవాళ్ళు మంచివాళ్ళే. కానీ నోటిమాట మీద వదిలేస్తే రేపు ఎవరేమంటారో. లోపలి రెండు గదులే అద్దెకి, ముందు గది ఆయనదీ అని రాసిపెట్టు. బతికున్నన్నాళ్ళూ ఆయన అక్కడే ఉంటాడని రాయి. నువ్వు ఆఫీసులో చేసేదానివి, ఎలా రాస్తే నిలబడుతుందో నీకు తెలుసు."

కాగితం తీసుకుని ముందు గదిలోకి వచ్చాను. ముసలాయన మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. రాయడం మొదలుపెట్టి, పేరు అడిగాను. చెప్పాడు. గాలి తప్ప గొంతు లేదు. వినడానికి దగ్గరికి వంగాల్సి వచ్చింది. తండ్రి పేరు చెప్పాడు. తర్వాతి ముక్క నేను అడగలేదు. ఆ ఇంటి నంబరు తలుపు మీద రాసి ఉంది కదా, చూసి రాద్దామని తల తిప్పాను.

ఆయన నా చెయ్యి తట్టి ఆపాడు. డోరు నంబరు చెప్పాడు. దాని తర్వాత బై నంబరు, సందు పేరు, వార్డు, విజయవాడ ఒకటి. ప్రతి మాటకీ ఆగి ఊపిరి తీసుకుని, పిల్లలు ఎక్కం ఒప్పజెప్పినట్టు, ఒక్క అంకె తడబడకుండా చెప్పాడు. నేను తలుపు వైపు చూడకుండా, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

అయ్యాక చదివి వినిపించాను. చివరి మాట దాకా విని తల ఊపి, వేలిముద్ర వెయ్యడానికి చెయ్యి ముందుకి చాపాడు.